పోర్టు కనబడుటలేదు

మంగళవారం పొద్దున్నే ఫోను.
"చోటు పోతందమ్మా" అన్నాడు
ఐసు ఫ్యాక్టరీ గుమస్తా సన్యాసినాయుడు,
బస్సులో ఎవరో జేబు కొట్టేసినట్టు.
"నిన్న పొద్దున్న పదకొండు జీబీ ఉంది.
ఇయ్యాల సూస్తే తొమ్మిది.
మేం ఏటీ ఎక్కించనేదు, ఏటీ దించనేదు."

డాబాగార్డెన్స్‌లో షాపు షట్టరు సగం దించి
స్కూటీ మీద హార్బరుకి వెళ్లాను.
డీజిలు, కరిగిన ఐసునీళ్లు, నెత్తళ్ల వాసన.
మేడమీద గది.
సీపీయూ మూత విప్పితే
మరల మీద తుప్పు, ఫ్యాను రెక్కల మీద ఉప్పు.
ఈ ఊళ్లో యంత్రాలు
ముందు సముద్రానికి లొంగుతాయి,
తర్వాతే వయసుకి.

చెత్తబుట్ట ఖాళీ చేస్తే మూడొందల ఎంబీ.
టెంపరరీ ఫైళ్లు ఊడిస్తే ఇంకో కాస్త.
వైరస్ కోసం రెండు గంటలు గాలించాను,
మూడు టీలు అయ్యాయి, వైరస్ మాత్రం లేదు.
ఫోల్డర్లన్నీ కూడితే నూట నలభై.
డ్రైవేమో రెండొందల ఇరవై ఒకటి నిండిందంటుంది.
కాగితం మీద రాసి మళ్లీ కూడాను,
చిన్నప్పుడు లెక్క తప్పితే రాసినట్టు, ఒకదాని కింద ఒకటి.
ఎనభై ఒకటి ఎక్కడ?

నాయుడి అనుమానం వాచ్‌మన్ ఎర్రన్న మీద.
"రాత్రులు సినిమాలు ఎక్కించీసుకుంటన్నాడు."
పోయిన నెలలో గదికి తాళం పడింది.
అప్పట్నించీ ఎర్రన్న పడక మెట్ల మీద,
జల్లు కొడితే గోడవారకి.
తాళం వేశాక కూడా చోటు తరుగుతూనే ఉంది.
అనుమానమే తరగలేదు.
నాకు టీ తెచ్చిన ప్రతిసారీ
గడప అవతలే నిలబడి చెయ్యి చాపాడు.

చివరికి ఒక ఫోల్డరు నన్ను రానివ్వనంది.
అడ్మిన్‌గా తలుపు తీశాను.
లోపల ఒకే ఒక్క ఫైలు.
తెరవబోతే కంప్యూటరు కొయ్యబారిపోయింది.
తోక మాత్రం కోసి చూశాను.
తెలుగులో చెప్పుకోవాలంటే,

పోర్టు కనబడుటలేదు. మరల ప్రయత్నించుచున్నాను.
పోర్టు కనబడుటలేదు. మరల ప్రయత్నించుచున్నాను.
పోర్టు కనబడుటలేదు.

సెకనుకి మూడొందలసార్లు.

కిటికీలోంచి చూశాను.
క్రేన్లు, ఎర్ర ఖనిజం దుమ్ము,
కొండ కిందుగా మలుపు తిరుగుతున్న ఓడ.
నాయుడికి చదివి వినిపించాను.
"అదేటి, ఎదురుగుండానే ఉంది కదా పోర్టు!"
నవ్వాపుకోలేక వైరు ఏదని బల్ల కిందికి దూరాను.
దొరికింది. బూజు పట్టిన కేబులు,
అవతలి కొస దేనికీ తగల్లేదు,
గోడ మీద గాలికి ఊగుతోంది.

"ఇక్కడేముండేది?"
నాయుడు ఆలోచిస్తున్నాడు.
గడప అవతల్నించి ఎర్రన్న అన్నాడు,
పొద్దుట్నించీ అతని నోట వచ్చిన మొదటి మాట.
"పాత కాటా అండి. పాడైపోనాదని పాతినప సామాన్లోడికిచ్చీసినారు.
నానే మోసినాను కిందకి. నెలా పది రోజులైంది."

కాటా వెళ్లిపోయిందని
కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు.
ఎంత తూగిందీ, ఎంత తూగిందీ అని
రాత్రీ పగలూ ఖాళీ వైరుని అడుగుతూ,
జవాబు రాని ప్రతిసారీ
ఒక వరుస రాసిపెట్టుకుంది.
దొంగ ఎవరూ లేరు.

ఆ ప్రోగ్రాం ఆపాను. ఫైలు తీసేశాను.
తొంభై జీబీ ఖాళీ అని ఆకుపచ్చగా చూపించింది.
నాయుడు ఆ అంకె చూశాడు, గడప చూశాడు,
చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.
తప్పయిందనలేదు.
తాళంచెవి బల్ల చివరికి జరిపి
"టీ తాగినావా ఎర్రన్నా?" అన్నాడు.
ఎర్రన్న జవాబు చెప్పలేదు.
తాళంచెవి వంక చూడనైనా లేదు.

నాలుగొందలు తీసుకుని రసీదిచ్చాను.
రసీదులో రాయనిది ఒకటుంది.
తీసేసే ముందు ఆఖరి వంద వరుసలు
నా పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకున్నాను,
ఎందుకో తెలీదు.
ఆరు కేబీ.
పెద్దగా చోటేం పట్టదు.